క్యాన్సర్ కణాన్ని రోగనిరోధక వ్యవస్థ గుర్తించే తీరు

క్యాన్సర్ కణం మన ఒంట్లోనే పుడుతుంది. టైఫాయిడ్ బ్యాక్టీరియాలాగా నీళ్ళతో లోపలికి రాదు, ఫ్లూ వైరస్‌లాగా గాలితో రాదు. మన జన్యువులే దానికీ ఉంటాయి, వాటిలో కొన్ని అక్షరాలు మాత్రం తప్పుపడి ఉంటాయి. పరాయిదాన్ని పట్టుకోవడం, సొంతదాని జోలికి పోకపోవడం అనే రెండు సూత్రాల మీద నడిచే రోగనిరోధక వ్యవస్థకు ఇంతకన్నా చిక్కు సమస్య ఉండదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. అయినా ఈ దొంగ పట్టుబడుతూనే ఉన్నాడు. కొన్ని క్యాన్సర్ కణాలను ఈ వ్యవస్థ మనకు తెలియకుండానే తుడిచేస్తుంది. కొన్నిటిని చంపలేకపోయినా ఏళ్ళ తరబడి పెరగనివ్వకుండా ఆపుతుంది. మరికొన్ని దాని చేతిలోంచి జారిపోతాయి. స్కానింగులో గడ్డగా కనిపించేవి, బయాప్సీకి వచ్చేవి చాలావరకు ఇలా జారిపోయినవే. అందుకే వైద్యుడు చూసే కణితి అప్పటికే ఒక నిఘాను దాటుకుని వచ్చిన కణితి. ఈ ఒక్క సంగతి తెలిస్తే క్యాన్సర్ ఎందుకంత మొండిదో, కొత్త మందులు ఎక్కడ పనిచేస్తాయో అర్థమవుతుంది.

నూరేళ్ళ వాదన

1890లో న్యూయార్క్‌లో విలియం కోలీ అనే యువ శస్త్రవైద్యుడి దగ్గరకు చేతి ఎముకలో సార్కోమా అనే క్యాన్సర్‌తో పదిహేడేళ్ళ అమ్మాయి వచ్చింది. మోచేతి కింద చెయ్యి తీసేసినా ఆమె దక్కలేదు. 1891 జనవరిలో చనిపోయింది. ఆ దుఃఖం కోలీని ఆసుపత్రి పాత రికార్డుల దగ్గరకు తీసుకువెళ్ళింది. మెడ మీద సార్కోమా ఎన్నిసార్లు కోసినా మళ్ళీ పెరిగిన ఒక రోగి కథ అందులో దొరికింది. చర్మం ఎర్రబడి వాచే ఎరిసిపెలాస్ అనే బ్యాక్టీరియా జబ్బు అతనికి సోకింది. తీవ్రమైన జ్వరం కాసింది. జ్వరం తగ్గేసరికి కణితి కరిగిపోయింది. కోలీ ఆ మనిషిని వెతుక్కుంటూ మన్‌హాటన్ పేటల్లో తిరిగి చివరికి పట్టుకున్నారు. ఏడేళ్ళు గడిచినా అతనిలో క్యాన్సర్ తిరగబెట్టలేదు.

అప్పటినుంచి కోలీ బతికున్న స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాను, తర్వాత చంపిన బ్యాక్టీరియా మిశ్రమాన్ని రోగుల కణితుల్లోకి ఎక్కించసాగారు. కొందరు బాగుపడ్డారు, కొందరు ఆ జ్వరానికే పోయారు. అది ఎందుకు పనిచేస్తుందో ఆయన చెప్పలేకపోయారు. రేడియేషన్, దాని వెనుక కీమోథెరపీ వచ్చేసరికి ‘కోలీ టాక్సిన్లు’ మరుగున పడ్డాయి. జవాబు తెలియకపోయినా సరైన చోట ప్రశ్న వేసిన వైద్యుడిగా ఆయనకు ఈ శాస్త్రంలో మొదటి పీట వేయాలి.

1909లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిచ్ ఒక ఊహ చెప్పారు. శరీరంలో తరచూ పుట్టే అసాధారణ కణాలను రక్షణ వ్యవస్థ అణచకపోతే మనుషుల్లో క్యాన్సర్లు ఇంకా ఎన్నో రెట్లు కనిపించేవన్నారు. దాన్ని నిరూపించే సాధనాలు అప్పట్లో లేవు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 1950ల చివర్లో, ఆస్ట్రేలియాకు చెందిన మాక్‌ఫర్లేన్ బర్నెట్, అమెరికాకు చెందిన లూయిస్ థామస్ అదే ఊహకు ‘నిఘా సిద్ధాంతం’గా రూపం ఇచ్చారు.

1957లోనే ప్రెన్, మెయిన్ అనే ఇద్దరు చిట్టెలుకల మీద ఒక చక్కని ప్రయోగం ప్రకటించారు. మిథైల్‌కొలాంత్రీన్ అనే రసాయనంతో పుట్టించిన కణితిని ఎలుకలో పెరగనిచ్చి కోసి తీసేశారు. తర్వాత అదే కణితి కణాలను మళ్ళీ ఎక్కిస్తే ఎలుక వాటిని తిరస్కరించింది. అదే రసాయనంతో పుట్టిన మరో కణితిని ఎక్కిస్తే అది మామూలుగా పెరిగింది. మొదటి కణితి ఏ ఎలుకలో పుట్టిందో దాని చర్మం అతికిస్తే మాత్రం నిక్షేపంగా అతుక్కుంది. అంటే ఎలుక తిరస్కరించింది తోటి ఎలుక కణజాలాన్ని కాదు, ఆ ఒక్క కణితికే ప్రత్యేకమైన ఏదో గుర్తును. ప్రతి కణితికీ తన గుర్తులు తనవే అన్న ఈ సంగతికి అణుస్థాయి వివరణ దొరకడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది.

మధ్యలో సిద్ధాంతానికి పెద్ద దెబ్బ తగిలింది. రోగనిరోధక వ్యవస్థలో ముఖ్యమైన టి కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి లేకుండా, ఒంటిమీద వెంట్రుకలు లేకుండా పుట్టే ‘న్యూడ్’ ఎలుకలకు 1974లో ఓసియాస్ స్టట్‌మన్ అదే రసాయనం ఇచ్చి చూశారు. మామూలు ఎలుకలకన్నా వాటిలో క్యాన్సర్లు ఎక్కువేమీ రాలేదు. దాంతో పాతికేళ్ళపాటు చాలామంది నిఘా సిద్ధాంతాన్ని పక్కన పెట్టేశారు. ఆ ఎలుకల్లో కొద్దిపాటి టి కణాలు మిగిలే ఉన్నాయని, థైమస్‌తో పనిలేని మరో రకం సంహారక కణాలు దండిగా ఉన్నాయని తర్వాత తెలిసింది.

చిక్కుముడి 2001లో వీడింది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ష్రైబర్ బృందం టి కణాలు, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు రెండూ పూర్తిగా లేని ఎలుకలను తీసుకుంది. వాటిలో కణితులు ఎక్కువగా, త్వరగా వచ్చాయి. అంతకన్నా ముఖ్యమైనది రెండో ఫలితం. ఈ లోపం ఉన్న ఎలుకల్లో పెరిగిన కణితులను ఆరోగ్యమైన ఎలుకల్లోకి మారిస్తే వాటిలో సుమారు 40 శాతం తిరస్కరణకు గురయ్యాయి. ఆరోగ్యమైన ఎలుకల్లో పెరిగిన కణితులను అలాగే మారిస్తే అన్నీ పెరిగాయి. నిఘా ఉన్నచోట పెరిగిన కణితి నిఘాకు కనబడకుండా ఉండటం నేర్చుకునే పెరిగింది. నిఘా లేనిచోట పెరిగినదానికి ఆ అవసరమే రాలేదు.

దండెం మీది బట్టలు

టి కణం మరో కణం లోపలికి తొంగిచూడలేదు. మరి లోపల జరిగే తప్పు దానికెలా తెలుస్తుంది? దాదాపు ప్రతి కణం తన లోపలి సరుకును ముక్కలు చేసి బయట వేలాడదీస్తుంది. వీధిలో పోయేవారు దండెం మీది బట్టలు చూసి ఇంట్లో పసిపిల్లలున్నారో, ముసలివాళ్ళున్నారో చెప్పగలిగినట్టు, దారినపోయే టి కణం ఆ ముక్కలను చూసి లోపల ఏం తయారవుతోందో కనిపెడుతుంది.

ఈ ఏర్పాటు వివరంగా చూడదగ్గది. కణంలో వాడి పడేసిన ప్రోటీన్లు, తయారీలో చెడిపోయిన ప్రోటీన్లు ప్రోటియాజోమ్ అనే గొట్టంలాంటి యంత్రంలోకి పోయి తునకలవుతాయి. ఆ తునకల్లో కొన్నిటిని ఒక రవాణా ద్వారం ఎండోప్లాస్మిక్ జాలకంలోకి పంపుతుంది. అక్కడ హెచ్‌ఎల్‌ఏ అనే అణువులు కాచుకుని ఉంటాయి. ఒక్కో హెచ్‌ఎల్‌ఏ అణువు పైభాగంలో ఒక గాడి ఉంటుంది. ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాల పొడవున్న పెప్టైడ్ తునక అందులో కుదురుగా కూర్చుంటుంది. గాడిలో తునక కూర్చున్నాక ఆ అణువు కణం ఉపరితలానికి చేరి నిలబడుతుంది. ఇలా ఒక్క కణం మీద లక్షకు అటూ ఇటూగా తునకలు వేలాడుతుంటాయి. దాదాపు అన్నీ రోజువారీ ప్రోటీన్ల ముక్కలే. వాటికి స్పందించే టి కణాల్లో ఎక్కువభాగాన్ని థైమస్ ముందే ఏరి చంపేస్తుంది కనుక వాటిని ఎవరూ పట్టించుకోరు.

టి కణాలు పరాయి గుర్తును విడిగా కాక, సొంత హెచ్‌ఎల్‌ఏ లాంటి అణువుతో కలిపి మాత్రమే చూస్తాయని 1974లో కాన్‌బెర్రాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ కనుక్కున్నారు. 1996లో దానికి నోబెల్ వచ్చింది. టి కణం చూపు ఎంత నిశితమంటే, ఆ లక్షలో తేడా ఉన్న తునకలు పదిలోపే ఉన్నా అది కదులుతుంది.

హెచ్‌ఎల్‌ఏ మనిషికీ మనిషికీ మారుతుంది. ఈ రకం అణువులు తల్లి వైపునుంచి మూడు, తండ్రి వైపునుంచి మూడు వస్తాయి. ఒక్కొక్కదాని గాడి ఆకారం వేరు, అందులో పట్టే తునకలు వేరు. అందుకే ఒకే జన్యుదోషం ఇద్దరిలో ఉన్నా ఒకరి టి కణాలకు కనబడుతుంది, ఇంకొకరి టి కణాలకు కనబడకపోవచ్చు.

పరాయిగా కనిపించే గుర్తులు

అన్నిటికన్నా స్పష్టమైన గుర్తు వైరస్‌ది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాల్లో హ్యూమన్ పాపిలోమా వైరస్ ప్రోటీన్లు రెండు ఎప్పుడూ తయారవుతూనే ఉంటాయి. అవి లేకపోతే ఆ క్యాన్సర్ కణమే బతకలేదు. కాలేయ క్యాన్సర్లలో చాలావాటి వెనుక హెపటైటిస్-బి ఉంటుంది. ఇలాంటి చోట వైరస్‌ను ముందే అడ్డుకుంటే క్యాన్సర్‌ను అడ్డుకున్నట్టే. తైవాన్ 1984లో పసిపిల్లలకు హెపటైటిస్-బి టీకా మొదలుపెట్టాక పిల్లల్లో కాలేయ క్యాన్సర్ తగ్గింది. మన దేశంలో ఆ టీకాను సామాన్యుడికి అందే ధరకు దించినది హైదరాబాద్. శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన టీకా రీకాంబినెంట్ డీఎన్‌ఏ పద్ధతిలో దేశంలో తయారైన మొదటిది.

రెండో రకం గుర్తులు వీర్యకణాల తయారీలోనో, పిండదశలోనో మాత్రమే కనిపించాల్సిన ప్రోటీన్లు. పెద్దయ్యాక మూతపడిన ఆ జన్యువులను క్యాన్సర్ కణం మళ్ళీ తెరుస్తుంది. 1991లో బ్రస్సెల్స్‌లో థియరీ బూన్ బృందం మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న రోగి టి కణాలు దేన్ని చూస్తున్నాయో వెతికి మేజ్-1 అనే జన్యువును పట్టుకుంది. మనిషి క్యాన్సర్‌లో టి కణాలు గుర్తించే ప్రోటీన్ ఫలానా అని వేలు పెట్టి చూపడం అదే మొదలు.

మూడో రకం నియోయాంటీజెన్లు. వీటినే కొత్త గుర్తులనవచ్చు. జన్యువులో ఒక అక్షరం మారి, ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లం మారి, ఆ మార్పున్న తునక గాడిలో ఇమిడి బయట వేలాడితే, టి కణం దృష్టిలో అది ఎన్నడూ చూడని ముఖం. ప్రెన్, మెయిన్ ఎలుకల్లో ప్రతి కణితికీ వేరువేరుగా ఉన్న గుర్తులు ఇవే. మార్పులు ఎన్ని ఎక్కువుంటే గుర్తులు కనబడే అవకాశం అంత ఎక్కువ. ఎండ దెబ్బతో వచ్చే మెలనోమాలో, పొగాకుతో వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మార్పులు వేలల్లో ఉంటాయి. పిల్లల ల్యూకీమియాల్లో చాలా తక్కువ. ఉత్తరాంధ్ర తీరాన కొందరు, ముఖ్యంగా ఆడవాళ్ళు, చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. వాళ్ళ అంగిలిని పొగాకు రసాయనాలు, నిప్పుసెగ కలిసి దెబ్బతీస్తాయి. అక్కడ వచ్చే క్యాన్సర్ తీరును విశాఖపట్నం వైద్యులు దశాబ్దాల కిందటే వివరంగా రాసిపెట్టారు.

దండెం ఖాళీగా ఉంటే

టి కణానికి దొరకకుండా ఉండాలంటే క్యాన్సర్ కణానికి తేలికైన దారి దండెమే తీసేయడం. హెచ్‌ఎల్‌ఏ అణువుల తయారీ మానేస్తే టి కణానికి కనబడేదేమీ ఉండదు. కానీ ఊరికి మరో కాపలా ఉంది. సహజ సంహారక కణాలు, పొట్టిగా ఎన్‌కే కణాలు, 1975లో బయటపడ్డాయి. వీటి లెక్క తలకిందులుగా ఉంటుంది. ఉండాల్సిన గుర్తు లేకపోవడమే వీటికి గుర్తు. హెచ్‌ఎల్‌ఏ కనబడితే ఎన్‌కే కణం వదిలేస్తుంది, కనబడకపోతే దాని చేయి లేస్తుంది. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో క్లాస్ కేర్రే 1980లలో ఈ నియమాన్ని ఎలుక కణాల మీద రుజువు చేశారు. దీనికి తోడు, డీఎన్‌ఏ దెబ్బతిని ఒత్తిడిలో ఉన్న కణాలు పైకి తెచ్చే కొన్ని ప్రోటీన్లను కూడా ఎన్‌కే కణాలు పసిగడతాయి. న్యూడ్ ఎలుకలను కాపాడినవాటిలో ఇవీ ఉన్నాయి.

లింఫు గ్రంథిలో

గుర్తు ఉన్నంతమాత్రాన టి కణం లేచి పరిగెత్తదు. ముందు దానికి ఎవరో చూపించాలి. ఆ పని డెండ్రైటిక్ కణాలది. చెట్టుకొమ్మల్లాంటి చేతులతో ఇవి కణజాలమంతా తడుముతూ, చచ్చిన క్యాన్సర్ కణాల ముక్కలను మింగి, దగ్గరలోని లింఫు గ్రంథికి ప్రయాణమై, ఆ ముక్కలను తమ సొంత హెచ్‌ఎల్‌ఏ గాడుల్లో పెట్టి టి కణాలకు చూపిస్తాయి. చూపిస్తూనే ఇంకో సంకేతం ఇస్తాయి, ‘ఇక్కడ ఆపద ఉంది’ అని. ఆ రెండో సంకేతం లేకుండా గుర్తు ఒక్కటే చూపితే టి కణం మొద్దుబారిపోతుంది. క్యాన్సర్ విషయంలో చాలాసార్లు జరిగే నష్టం ఇదే. బ్యాక్టీరియా వస్తే ఆపద గంట దానంతటదే మోగుతుంది, నెమ్మదిగా పెరిగే కణితి దగ్గర మోగదు. కోలీ ఎక్కించిన బ్యాక్టీరియా చేసింది బహుశా ఆ గంట మోగించడమేనని ఇప్పుడు అనుకోవచ్చు.

డెండ్రైటిక్ కణాలను 1973లో కనుక్కున్న రాల్ఫ్ స్టైన్‌మన్ జీవితం ఈ శాస్త్రంతో చివరిదాకా ముడిపడింది. పాంక్రియాస్ క్యాన్సర్ వచ్చాక ఆయన తన డెండ్రైటిక్ కణాలతోనే తయారైన టీకాలు వేయించుకున్నారు. 2011 సెప్టెంబరు 30న చనిపోయారు. మూడు రోజుల తర్వాత నోబెల్ కమిటీ ఆ మరణం సంగతి తెలియకుండానే ఆయన పేరు ప్రకటించింది. చనిపోయినవారికి బహుమతి ఇవ్వకూడదన్న నియమం ఉన్నా, ఆ నిర్ణయాన్ని అలాగే ఉంచారు.

చంపే ఘట్టం

లింఫు గ్రంథిలో మేల్కొన్న ఒక్క టి కణం కొద్ది రోజుల్లో వేల కణాలుగా పెరిగి రక్తంలోకి దిగుతుంది. కణితి దగ్గర రక్తనాళపు గోడకు అంటుకుని, సందుల్లోంచి దూరి బయటకు వస్తుంది. తర్వాత జరిగేదాన్ని సూక్ష్మదర్శిని కింద వీడియో తీశారు. టి కణం ఒకదాని వెంట ఒకటి కణాలను తడుముతూ పాకుతుంది. ఒకచోట ఆగుతుంది. దాని ఒళ్ళు ఎదుటి కణానికి చదునుగా అతుక్కుంటుంది. లోపల చెల్లాచెదురుగా ఉన్న విషపు సంచులన్నీ ఆ అతుకు వైపుకు జరుగుతాయి. సంచులు పగిలి పెర్ఫోరిన్ అనే ప్రోటీన్ ఎదుటి కణం పొరలో రంధ్రాలు చేస్తుంది. ఆ దారిన గ్రాంజైమ్ అనే ఎంజైములు లోపలికి పోయి, కణాన్ని దాని సొంత ఆత్మహత్యా యంత్రాంగంతోనే చంపిస్తాయి. కాసేపటికి ఆ కణం పొర మీద బుడగలు లేస్తాయి, కణం ముడుచుకుపోతుంది. టి కణం అప్పటికే పక్కదాని మీద ఉంటుంది.

ఇదే సమయంలో టి కణం ఇంటర్‌ఫెరాన్-గామా అనే రసాయనాన్ని చుట్టూ చిమ్ముతుంది. దాని ప్రభావంతో చుట్టుపక్కల కణాలు హెచ్‌ఎల్‌ఏను ఎక్కువగా బయటపెడతాయి, కణాలను మింగే మాక్రోఫేజ్‌లు పదునెక్కుతాయి.

ఈ పోరు జాడ మామూలు పెథాలజీ స్లైడ్‌లో కూడా కనబడుతుంది. రంగు వేసిన కణితి కోతలో క్యాన్సర్ కణాలు పెద్దగా, గులాబీ, ఊదా రంగుల్లో, ఆకారం చెడి ఉంటాయి. వాటి చుట్టూ ఆవాలు చల్లినట్టు చిన్న ముదురు చుక్కలు కనిపిస్తాయి. అవే లింఫోసైట్లు, అంటే టి కణాలు, వాటి జాతి కణాలు. కొన్ని స్లైడ్‌లలో ఆవాలు కణితి లోపలికి చొచ్చుకుపోయి ఉంటాయి. కొన్నిట్లో గట్టు మీదే ఆగి ఉంటాయి. కొన్నిట్లో అసలే ఉండవు. పారిస్‌లో జెరోమ్ గాలోన్ బృందం 2006లో పెద్దపేగు క్యాన్సర్ రోగుల స్లైడ్‌లలో ఈ కణాలను లెక్కపెట్టింది. రోగి ఎంతకాలం బతుకుతారో చెప్పడంలో కణితి ఎంత పెద్దది, ఎక్కడిదాకా పాకింది అన్న పాత కొలతలకన్నా ఈ లెక్కే మేలుగా పనిచేసింది.

మూడు దశలు

ష్రైబర్ బృందం తన ఫలితాలను మూడు దశలుగా కూర్చింది: నిర్మూలన, సమతుల్యం, పలాయనం. నిర్మూలన మనకు కనబడదు. సమతుల్యమే ఆశ్చర్యపరిచే దశ. 2007లో వాళ్ళు అదే క్యాన్సర్ రసాయనం ఇచ్చినా నెలల తరబడి ఏ కణితీ కనబడని ఎలుకల్లో టి కణాలను తీసేశారు. కొన్ని ఎలుకల్లో కణితులు ఉన్నట్టుండి పైకి లేచాయి. అవి అంతకాలం అక్కడే ఉన్నాయి, కాపలాలో ఉన్నాయి.

మనుషుల్లో దీనికి సాక్ష్యం ఒక విషాదంలోంచి వచ్చింది. మెలనోమా కోసి తీసేసి పదహారేళ్ళయి, పూర్తిగా నయమైందనుకున్న ఒక మహిళ మెదడులో రక్తస్రావంతో చనిపోయాక ఆమె మూత్రపిండాలను ఇద్దరికి అమర్చారు. ఆ ఇద్దరికీ ఆమె మెలనోమా వచ్చిందని 2003లో స్కాట్లాండ్ వైద్యులు ప్రకటించారు. పదహారేళ్ళూ ఆ కణాలను ఆమె ఒళ్ళు అణచి ఉంచింది. అవయవం తిరస్కరణకు గురికాకుండా రోగనిరోధకతను అణచే మందులు వాడుతున్న కొత్త శరీరాల్లో వాటిని ఆపేవారు లేకపోయారు. అవయవమార్పిడి జరిగినవారిలో, హెచ్‌ఐవీ ముదిరినవారిలో కొన్ని క్యాన్సర్లు ఎన్నో రెట్లు ఎక్కువగా రావడమూ ఇదే సంగతి చెబుతుంది.

పలాయనం వడపోత వల్ల జరుగుతుంది. టి కణాలు తమకు కనబడే కణాలను చంపేకొద్దీ కనబడనివి మిగిలి పిల్లలు పెడతాయి. దండెం తీసేసినవి, గుర్తున్న జన్యువును పోగొట్టుకున్నవి, ఇంటర్‌ఫెరాన్ మాట వినడం మానేసినవి ఇలా మిగులుతాయి. వాటితోపాటు కణితి తన చుట్టూ ఒక పరివారాన్ని పోగేసుకుంటుంది. పదును పోయిన మాక్రోఫేజ్‌లు, పోరును చల్లార్చే నియంత్రక టి కణాలు అందులో ఉంటాయి. సొంత కణజాలం మీద దాడి జరగకుండా చూసే ఈ నియంత్రక కణాలను 1995లో వెలికి తీసిన షిమోన్ సకగుచికి, వాటి వెనకున్న జన్యువును పట్టుకున్న మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌కు 2025లో నోబెల్ వచ్చింది. కొన్ని క్యాన్సర్ కణాలు సీడీ-47 అనే ప్రోటీన్‌ను దండిగా కప్పుకుని ‘నన్ను తినకు’ అని మాక్రోఫేజ్‌లకు చెబుతాయి.

ఈ దాగుడుమూతలు చూడటానికి ప్రయోగశాలకే పోనక్కరలేదు. వీధి కుక్కల్లో జననాంగాల దగ్గర పువ్వులా విచ్చుకుని నెత్తురోడే కణితి ఒకటి వస్తుంది. అది కలయికలో ఒక కుక్కనుంచి మరో కుక్కకు బతికున్న క్యాన్సర్ కణాలుగా అంటుకుంటుంది. వేల ఏళ్ళ కిందట బహుశా ఆసియాలో ఒక్క కుక్కలో పుట్టిన కణమే నేటికీ ప్రపంచమంతా తిరుగుతోందని జన్యు పరీక్షల్లో తేలింది. పరాయి కుక్క కణాన్ని కుక్క శరీరం ఎందుకు తిరస్కరించదు? పెరిగే దశలో ఆ కణాలు తమ గుర్తింపు అణువులను దాచేస్తాయి. అవి మళ్ళీ బయటపడినప్పుడు టి కణాలు చుట్టుముడతాయి, కణితి కరుగుతుంది. పశువైద్యులు దీనికి ఇచ్చే విన్‌క్రిస్టీన్ మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరులోంచి వచ్చిన మందు. అది ఇచ్చిన కుక్కల కణితుల్లోకి కూడా రోగనిరోధక కణాలు గుంపులుగా చేరడం 2018లో గమనించారు.

బ్రేకులు వదలడం

టి కణానికి పుట్టుకతోనే బ్రేకులున్నాయి. లేకపోతే ప్రతి జ్వరం తర్వాతా అది సొంత ఒంటినే కాల్చేసేది. మొదటి బ్రేకు సీటీఎల్‌ఏ-4, లింఫు గ్రంథి దగ్గర పడుతుంది. రెండోది పీడీ-1, పోరు జరిగేచోట పడుతుంది. ఇక్కడ క్యాన్సర్ చూపే తెలివి చూస్తే గుండె చివుక్కుమంటుంది. టి కణం చిమ్మిన ఇంటర్‌ఫెరాన్-గామానే సంకేతంగా తీసుకుని క్యాన్సర్ కణం పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌ను పైకి తెస్తుంది. అది టి కణం మీది పీడీ-1ను నొక్కి దాన్ని ఆపేస్తుంది.

కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జేమ్స్ ఆలిసన్ 1996లో సీటీఎల్‌ఏ-4ను యాంటీబాడీతో మూసేసి ఎలుకల్లో కణితులు కరిగించారు. క్యోటోలో తసుకు హోంజో బృందం 1992లో పీడీ-1 జన్యువును కనుగొంది. మొదటి బ్రేకును వదిలే మందు ఇపిలిముమాబ్‌కు అమెరికాలో 2011లో, రెండోదాన్ని వదిలే పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్‌లకు 2014లో అనుమతి వచ్చింది. ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ దక్కింది. ఈ మందులు రాకముందు ఒంట్లో వ్యాపించిన మెలనోమా ఉన్నవారిలో సగం మంది ఏడాది కూడా దాటేవారు కాదు. రెండు రకాల బ్రేకులూ కలిపి వదిలిన చికిత్సలో పదేళ్ళ తర్వాత కూడా 43 శాతం బతికున్నారని 2024లో ప్రకటించారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో కాలేయానికి, మెదడుకు పాకిన మెలనోమా బయటపడింది. రేడియేషన్, పెంబ్రోలిజుమాబ్ తీసుకుని ఆయన నూరేళ్ళు నిండాక 2024లో కన్నుమూశారు.

అందరికీ ఇలా జరగదు. గుర్తులు తక్కువున్న కణితుల్లో, ఆవాలు అసలే లేని స్లైడ్‌లలో బ్రేకు వదిలినా కదిలే బండి ఉండదు. డీఎన్‌ఏ తప్పులు దిద్దే యంత్రాంగం చెడిపోయి గుర్తులు కుప్పలుగా ఉన్న పురీషనాళ క్యాన్సర్‌లో, 2022లో న్యూయార్క్‌లో ప్రకటించిన ఒక పరీక్షలో, మొదటి 12 మందికి 12 మందిలోనూ కణితి ఒక్క మందుతోనే మాయమైంది. పాంక్రియాస్ క్యాన్సర్‌లో మాత్రం ఇవే మందులు చాలావరకు చేతులెత్తేస్తాయి. బ్రేకు వదిలితే సొంత కణజాలానికీ దెబ్బ తగులుతుంది. పేగులు పుండ్లుపడతాయి, థైరాయిడ్ దెబ్బతింటుంది, ఊపిరితిత్తులు, అరుదుగా గుండె కండరం కూడా వాస్తాయి. మెలనోమా రోగుల్లో కొందరికి చర్మం మీద బొల్లి మచ్చలు వస్తాయి. రంగు కణాలూ మెలనోమా కణాలూ ఒకే జాతివి కనుక టి కణాలు రెండిటినీ వేటాడుతున్నాయన్నమాట. ఆ మచ్చలు వచ్చినవారికి మందు బాగా పనిచేయడం సాధారణంగా చూస్తున్నదే.

బ్రేకులు వదిలే మందులకు పూర్వమే వచ్చి నేటికీ నిలిచిన ఇమ్యునోథెరపీ, అంటే రోగనిరోధక వ్యవస్థతోనే చేయించే చికిత్స, ఒకటి మన భుజాల మీదే ఉంది. పుట్టగానే ఎడమ భుజానికి వేసే, చిన్న గుంట మచ్చగా మిగిలే బీసీజీ టీకానే మూత్రాశయ క్యాన్సర్‌లో గొట్టం ద్వారా నేరుగా మూత్రాశయంలోకి పంపుతారు, వారానికోసారి ఆరు వారాలు. 1976లో మొరేల్స్ అనే వైద్యుడు మొదలుపెట్టిన ఈ పద్ధతిలో బలహీనపరిచిన క్షయ బ్యాక్టీరియా ఆపద గంట మోగిస్తుంది. కోలీ ఆలోచన ఇక్కడ బతికింది.

గుర్తు చూడలేని టి కణానికి కొత్త కన్ను అతికించడం ఇంకో దారి. రోగి రక్తంలోంచి టి కణాలు తీసి, హెచ్‌ఎల్‌ఏతో పనిలేకుండా క్యాన్సర్ కణం మీది ప్రోటీన్‌ను నేరుగా పట్టుకునే కృత్రిమ గ్రాహకాన్ని జన్యుమార్పుతో అమర్చి తిరిగి ఎక్కిస్తారు. ఇదే కార్-టి చికిత్స. 2012లో ఫిలడెల్ఫియాలో ల్యూకీమియాతో చావు అంచుకు చేరిన ఆరేళ్ళ ఎమిలీ వైట్‌హెడ్ ఆ జబ్బుకు దీన్ని తీసుకున్న మొదటి పాప. కణాలు పోరుకు దిగినప్పుడు రేగిన జ్వరపు తుఫానును కీళ్ళవాతానికి వాడే మందుతో ఆపారు. క్యాన్సర్ ఆమెకు మళ్ళీ రాలేదు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి రూపొందించిన దేశీయ కార్-టి చికిత్స నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. విదేశాల్లో అయ్యే ఖర్చులో చిన్న భాగానికే దొరుకుతున్నా మామూలు కుటుంబానికి అది ఇప్పటికీ ఆస్తులమ్మితే గాని అందని మొత్తమే.

మోతాదు

బ్రేకులు వదిలే మందుల విషయంలోనూ మన దేశంలో అసలు అడ్డంకి ధరే. నివోలుమాబ్‌ను మామూలుగా రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు ఇస్తారు. చాలా తక్కువ మోతాదుకే టి కణాల మీది పీడీ-1 గ్రాహకాలు చాలావరకు మూసుకుపోతాయని తొలి పరీక్షల్లోనే కనబడింది. ఆ సూచన పట్టుకుని ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్ ముదిరిన 151 మంది రోగులను రెండు జట్లు చేశారు. అందరికీ మూడు రకాల చవక మాత్రలు ఇచ్చారు. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలు సాగించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనలోంచి వచ్చిన మందు అది. ఒక జట్టుకు మాత్రం అదనంగా మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ కలిపారు. మాత్రలు మాత్రమే తీసుకున్నవారిలో ఏడాది తర్వాత 16.3 శాతం బతికి ఉంటే, ఆ పన్నెండో వంతు మోతాదు కలిపి తీసుకున్నవారిలో 43.4 శాతం బతికి ఉన్నారు.